రాఖీకి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు తెచ్చుకో

కాజీపేట,
2025 జూలై 27

బిడ్డా,

ఫోన్లో చెబితే నువ్వు "సరే అమ్మా, సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నా. మీ బాపు సొరుగులో సగం వాడిన లెటర్ ప్యాడ్ ఒకటి దొరికింది. ఇల్లు సర్దుతుంటే ఇలాంటివి ఎన్ని బయటపడుతున్నాయో! మొన్న నీ ఆరో తరగతి జామెట్రీ బాక్సు దొరికింది, లోపల ఇంకా రెండు చింతగింజలున్నాయి.

ఇల్లు బేరం తెగింది. 85 లక్షలు. బయానా ముట్టింది. రిజిస్ట్రేషన్ ఆగస్టు 11, సోమవారం. రాఖీ పున్నమి 9న, శనివారం. నువ్వు రాఖీ కట్టడానికి ఎలాగూ వస్తావు, ఇంకో రెండు రోజులు ఉంటే చాలు. శ్రావణంలోనే కావాలని కొనేవాళ్ల పట్టు. భాద్రపదంలో వాళ్లు ముట్టరట. పెత్రమాస దాటితే బతుకమ్మ, దసరా, ఇక ఎవరు దొరుకుతారు?

మొన్న నువ్వు ఒక మాటన్నావు. "నాకేం వద్దమ్మా, ఇల్లంతా బాగు చేయించింది తమ్ముడే కదా, నా వాటా వాడికే రాసిచ్చేస్తా, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు" అని. ఆ మాటకే ఈ ఉత్తరం. కానీ ముందు ఇల్లు ఎవరి చేతికి పోతోందో చెబుతా, లేకపోతే నీకు నిద్ర పట్టదు.

మొగుడూపెళ్లాలు, మూడేళ్ల పిల్ల, ఆ అబ్బాయి వాళ్ల నాయిన. అమ్మాయి హన్మకొండలో టీచరు. అబ్బాయికి పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం, ఘట్‌కేసర్‌లో దిగి ఆటోలో పోతాడట. సొంతూరు మానుకోట. అక్కడ ఉండి రోజూ తిరుగుదామంటే సీజన్ టికెట్ ఇవ్వరు కదా, 150 కిలోమీటర్ల దాకే ఆ వీలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 పైచిలుకు, అందుకని ఇక్కడ వెతుక్కుంటున్నారు. గేటు తీసి లోపలికి వచ్చాడో లేదో, "ఆంటీ, స్టేషన్‌కు నడిస్తే ఎన్ని నిమిషాలు?" అన్నాడు. తర్వాత ఎప్పటికో నీళ్ల సంగతి, పార్కింగ్ సంగతి అడిగాడు.

నేనన్నా, "మామూలుగా నడిస్తే పన్నెండు. మా ఆయనకు తొమ్మిది. బండి కూత వినబడితే ఆరు." నవ్వాడు. నాకు మాత్రం మీ బాపు చెప్పుల చప్పుడు వినిపించినట్టయింది. రోజూ అటూ ఇటూ కలిపి 260 కిలోమీటర్లు తిరిగిన మనిషి. మీరిద్దరూ లేచేసరికి వెళ్లిపోయేవారు, మీరు పడుకున్నాక వచ్చేవారు. సీతాఫలాల రోజుల్లో చేతిసంచి నిండా పళ్లు తెచ్చేవారు, పొద్దున లేచి మీరిద్దరూ గింజలు లెక్కపెట్టుకుని కొట్టుకునేవాళ్లు. ఆదివారం మాత్రం ఆయన ఇంట్లో కొత్త చుట్టంలా కూర్చునేవారు, ఏ వస్తువు ఎక్కడుందో ఒక్కటీ తెలియదు.

తమ్ముడు ఇంటి ఫొటోలు పెట్టి ఫోన్లో ప్రకటన ఇచ్చాడు. 200 గజాలు, ఈస్ట్ ఫేసింగ్, ఫుల్లీ రెనోవేటెడ్, మాడ్యులర్ కిచెన్, ఇరవై నాలుగు గంటలూ బోరు నీళ్లు. చదువుతుంటే ఎవరింటి గురించో అనిపించింది. 1986లో కొన్నప్పుడు రెండు అర్రలు, గూన పెంకలు, దొడ్లో చేదబావి. వానొస్తే అర్రకు మూడు గిన్నెలు పెట్టేదాన్ని. నా పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా బ్యాంకులో కుదువ పెట్టి కొన్నాం, అందులో నాలుగు గాజులు ఇప్పటికీ రాలేదు. పెంకలు తీసి స్లాబు వేసింది 1998లో. ఆ రోజు కాంక్రీటు కలిపే వాళ్లకు నువ్వు నీళ్లు మోస్తూ పడి మోకాలు చీల్చుకున్నావు, ఆ మచ్చ ఉందా ఇంకా?

అసలు హంగులన్నీ 2021లో వచ్చాయి. కరోనాకు ఆఫీసులు మూసేసి తమ్ముడు ఇంటి నుంచే పని చేసిన కాలం. వాడికి ఇక్కడి బాత్రూం నచ్చలేదు, ఫ్యాన్ చప్పుడు నచ్చలేదు, చివరికి గోడల రంగు కూడా నచ్చలేదు. ఒక్కటి మొదలుపెడితే పది అయ్యాయి. షాబాద్ బండలు పోయి టైల్స్ వచ్చాయి. చెక్క కిటికీలు పోయి తెల్ల ప్లాస్టిక్‌వి, అవేవో యూపీవీసీ అంటారు, అవి వచ్చాయి. ముందు గదికి ఫాల్స్ సీలింగ్, అందులో పదహారు లైట్లు. ఎందుకురా పదహారు అంటే, "లుక్ అమ్మా" అన్నాడు. పాత టేకు దర్వాజ ఒక్కటి తియ్యనివ్వలేదు నేను. పాలిష్ పెట్టించాడు, పనివాళ్లు దానికి ఎత్తు చాలక కడప కింద ఇంకో బండ వేశారు.

వంటగది మాత్రం నేను దగ్గరుండి చేయించుకున్నా. ఇంటీరియర్ పిల్లగాడు గట్టు 34 అంగుళాలు పెట్టాలి, అందరూ అంతే పెట్టుకుంటారు అన్నాడు. నేను అయిదడుగులు లేను. అంత ఎత్తులో చపాతీ ఒత్తితే భుజాలు పట్టేస్తాయి. సుతారిని పిలిచి, గోడ పక్కన నిలబడి మోచెయ్యి వంచి, "ఇక్కడికి నాలుగు వేళ్ల కింద గీత పెట్టు" అన్నా. 30 అంగుళాలు వచ్చింది. ముప్పై ఏళ్లు పీట మీద, కింద కూర్చుని వండిన దాన్ని, మొదటిసారి నా ఎత్తు చూసి ఒకరు గట్టు కట్టారు. ఆ కొనే అమ్మాయి పొడుగరి. నల్ల గ్రానైట్ మీద చెయ్యి పెట్టి వంగి చూసి, "ఆంటీ, నాకు నడుం పోతది" అంది. పగలగొట్టి పెంచుకుంటారట. పెంచుకోనీ.

ఇప్పుడు నీకు తమ్ముడు చెప్పి ఉంటాడు, నేనేదో లక్షన్నర పోగొట్టానని. నిజమే. వెనక పడకగది గోడ నీకు తెలుసు కదా, 2020 ఆగస్టులో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగిన వానకు మొదటిసారి చెమ్మ ఎక్కింది. పని చేయించినప్పుడు దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టారు, అంతే. ఎండాకాలం చూస్తే అద్దంలా ఉంటుంది. వాన పడ్డ వారానికి జొన్నరొట్టె అంత మచ్చ లేస్తుంది. బ్రోకర్ వచ్చి చూసి, "అమ్మా, బీరువా అటు జరపండి" అన్నాడు. మనుషుల్ని పిలిచి వాడే జరిపించాడు కూడా.

వాళ్లు రెండోసారి చూడ్డానికి వచ్చిన రోజు సన్నటి తుంపర. ఆ ముసలాయన గదుల్లో తిరుగుతూ గోడలకు వేలి ముడులతో కొట్టి చూస్తున్నాడు. ఆయన బీరువా దాకా వచ్చేసరికి నాకు గుండెల్లో దడ. ఆ గదిలో ఆ మూడేళ్ల పిల్ల పడుకుంటుందట, అప్పుడే మంచం ఎక్కడ వెయ్యాలో చూసుకుంటున్నారు. నేనే అన్నా, "బాబూ, ఈ బీరువా కొంచెం జరుపు." జరిపాడు. మచ్చ కనబడింది. బ్రోకర్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. బయటి వైపు గోడ మొదట్లో మట్టి పేరుకుంది, అది తవ్వి తీసి వాటర్‌ప్రూఫింగ్ చేస్తే పోతుందని ముసలాయనే చెప్పాడు, దానికని లక్షన్నర తగ్గించమన్నారు. నేను సరే అన్నా. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లెక్క చూస్తే అందులో నీవి కూడా యాభై వేలు పోయాయి, నువ్వూ కావాలంటే రెండు రోజులు మాట్లాడకు.

నీవి అని ఎందుకన్నానంటే, మీ బాపు వీలునామా రాయకుండా పోయారు. ఇల్లు ఆయన సొంతంగా కొన్నది. నానమ్మ అప్పటికే లేదు. కాబట్టి నాకు, నీకు, తమ్ముడికి తలా ఒక వంతు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మన ముగ్గురి పేర్లున్నాయి. లాయరమ్మ చెప్పింది, ఇది 1956 నుంచి ఉన్న చట్టమేనట.

ఈ మాట 1994లో నాకు ఎవరూ చెప్పలేదు. పరకాల దగ్గర మా ఇల్లు మీ తాత కట్టిందే. ఆయన పోయిన ఏడాదికి మీ మేనమామ నా వాటా వద్దని రాసిచ్చే కాగితం తెచ్చాడు. అప్పట్లో అందరూ ఒకటే అనేవాళ్లు, ఎన్టీఆర్ 1986లో తెచ్చిన ఆస్తిహక్కు చట్టం పెళ్లికాని ఆడపిల్లలకే, నీకు అంతకు ముందే పెళ్లయింది కదా అని. నేనూ అదే నమ్మా. ఆ చట్టం ఉమ్మడి ఆస్తి గురించి, మీ తాత సొంతంగా కట్టిన ఇంటికి దానితో పనే లేదట. ముప్పై ఒక్కేళ్ల తర్వాత మొన్న తెలిసింది. ఆ రోజు ఒడిబియ్యం పోశారు, నెమలిపింఛం రంగు చీర పెట్టారు, సంతకం పెట్టి వచ్చా. మంచి చీరే, అబద్ధం చెప్పను.

మామ ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అత్త కూడా. కానీ అంతకు ముందు నేను పుట్టింటికి పోతే దర్వాజ పక్క గూట్లో చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకునేదాన్ని, ఎవరూ లేకపోయినా పొయ్యి ముట్టించి చాయ్ పెట్టుకునేదాన్ని. సంతకం తర్వాత మొదటిసారి పోయినప్పుడు వాళ్లు చేనుకు పోయారు. గూట్లో తాళంచెవి ఉంది. నాకు కనిపిస్తోంది. తియ్యబుద్ధి కాలేదు. సాయంత్రం దాకా గద్దె మీద కూర్చున్నా, నువ్వు నా ఒళ్లో ఆకలని ఏడుస్తున్నావు. వదిన వచ్చి, "అయ్యో, తాళం తీసుకోవద్దా?" అంది. నీకప్పుడు ఆరేళ్లు, గుర్తుండదు.

పెళ్లికి పెట్టాం కదా, మళ్లీ వాటా ఏంటని మీ పెదనాయన మొన్న ఇంటికొచ్చి మరీ అన్నాడు. పెట్టాం. తమ్ముడి ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు ఫీజు కట్టలేదా? ఆ లెక్క ఎవరూ తియ్యరేం? చాయ్ ఇచ్చి పంపించా.

తమ్ముడికి అన్యాయం చేస్తున్నానని మాత్రం అనుకోకు. వాడు ఇంటికి పెట్టింది 13 లక్షలు, బిల్లులున్నాయి. అవి ముందు వాడికి ఇచ్చేద్దాం. మిగిలిన 72 మూడు భాగాలు, తలా 24. ఇది వాడే కాగితం మీద రాసి చూపించాడు. నేను చెప్పకముందే రాశాడు. నువ్వు ఫోన్లో "నాకొద్దు" అన్నావని చెబితే, "అక్క పిచ్చిది" అన్నాడు. కోడలు కూడా పక్కనే ఉంది, ఒక్క ముక్క అడ్డం మాట్లాడలేదు.

నా వాటాలో పన్ను పోగా 20 లక్షలు మిగిలినా పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తా. 8.2 శాతం ఇస్తున్నారు, మూడు నెలలకు 41 వేలు వస్తుంది. దానికి తోడు పెన్షన్ ఉంది. ఫాతిమానగర్‌లో కింది పోర్షన్ ఒకటి చూసుకున్నా, రెండు గదులు చాలు. తమ్ముడు మియాపూర్ రమ్మంటాడు, నువ్వు నాగ్‌పూర్ రమ్మంటావు. వస్తా, పండక్కి వస్తా. ఇక్కడే ఎందుకంటే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇక్కడున్నారు. వంటగట్టు ఎత్తు ఎంతో మాత్రం ఇంకా చూడలేదు.

నీ పన్ను నువ్వే కట్టుకోవాలి, అది విడిగా. రెండేళ్లలోపు ఇల్లు కొంటే మినహాయింపు ఉందని ఆడిటర్ అన్నాడు, అల్లుడు గారితో మాట్లాడు. ఆధార్, పాన్ ఒరిజినల్స్ తెచ్చుకో. రెండింట్లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకో, నీ పాన్‌లో ఇంకా మన ఇంటిపేరే ఉన్నట్టుంది. అక్కడికి పోయాక టెన్షన్ పడటం నా వల్ల కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు కొనేవాళ్లదే.

రైలు చూసి బుక్ చెయ్యి. విజయవాడ వైపు పోయే బండ్లు చాలావరకు కాజీపేట తగలకుండా వరంగల్లో ఆగుతాయి, పోయినసారి నువ్వు అలాగే ఎక్కి అర్ధరాత్రి ఆటో వాడితో గొడవపడ్డావు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయితే ఇక్కడే దిగొచ్చు. నాకు అది ఇంకా ఏపీ ఎక్స్‌ప్రెస్సే.

శుక్రవారమే వచ్చెయ్యి. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం, నాలుగిళ్ల నుంచి వాయినానికి పిలుపులున్నాయి, నువ్వు దిగేసరికి నేను ఇంట్లో ఉంటానో లేదో. బయట నిలబడకు. తాళంచెవి తులసి గద్దె వెనక ఇటుక కింద ఉంటుంది. పాలు ఫ్రిజ్‌లో ఉంటాయి.

మీ అమ్మ