చైల్డ్ సీటు సరిగ్గా బిగిసిందో లేదో చూసి చెప్పేదెవరు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 194బి సెక్షన్ వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టు గానీ, పిల్లల కోసం తయారైన సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. చలానా సంగతి ఎలా ఉన్నా, బిడ్డ మీద ప్రేమతో వేలు పోసి చైల్డ్ సీటు కొంటున్న తల్లిదండ్రులు ఇప్పుడు మన పట్టణాల్లో కనిపిస్తున్నారు. అది సంతోషించాల్సిన విషయమే. అయితే దాన్ని బిగించడం నేర్పడానికి, బిగించాక సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పడానికి శిక్షణ పొందిన మనిషి ఎక్కడ దొరుకుతాడని వాళ్లు అడిగితే, ఫలానా చోటికి వెళ్లండని చెప్పగలిగే పరిస్థితి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె ఇంటికొస్తుంది, లోపల ఇంగ్లీషులో ఒక పుస్తకం ఉంటుంది. షోరూంలో అడిగితే యాక్సెసరీలు బిగించే కుర్రాడిని పంపుతారు. అతను సీటు కవర్లు తొడగడంలో ఎంత పనిమంతుడైనా చైల్డ్ సీటు గురించి అతనికి ఎవరూ నేర్పలేదు. సాయం దొరికేలోగా తల్లిదండ్రులు తమంతట తాము చూసుకోగలిగినవి కొన్ని, ప్రభుత్వం చేయాల్సింది ఒకటి మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాం.

తప్పు చాలాసార్లు ఆ సీటు కవర్ల దగ్గరే మొదలవుతుంది. కొత్త కారు డెలివరీ తీసుకున్న రోజే మందపాటి రెగ్జిన్ కవర్లు తొడిగించడం మనకు అలవాటు. వెనక సీటులో వీపు ఆనుకునే భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో, కిటికీ వైపు సీటుకు రెండేసి చొప్పున, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప కడ్డీలు ఉంటాయి. ఒకదానికొకటి 28 సెంటీమీటర్ల దూరం. ఐసోఫిక్స్ అనేది వీటినే. కవరు కుట్టు వీటి మీదుగా పోతే చైల్డ్ సీటు కొక్కెం ఒక వైపు కడ్డీని పట్టుకుని, రెండో వైపు రెగ్జిన్‌ను కరుచుకుని ఊరుకుంటుంది. పైనుంచి చూస్తే బిగిసినట్టే ఉంటుంది. అందుకే రెండు వైపులా విడివిడిగా టక్కుమన్న చప్పుడు వినాలి, రెండు సూచికలూ ఆకుపచ్చకు మారాయో లేదో చూడాలి, ఆ తరవాత సీటును రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగి చూడాలి. కవరు అడ్డొస్తుంటే ఆ మేర కుట్టు విప్పించి సందు తెరిపించండి. బెల్టు బకిల్ కూడా కవరు కిందకు దూరిపోయి ఉంటే పైకి తీయించండి.

ఐసోఫిక్స్ కొక్కేలు రెండూ పడితే పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. చాలా సీట్లకు మూడో ఆధారం ఉంటుంది. కొన్నింటికి నేలకు ఆనే కాలు, కొన్నింటికి వెనక్కి వెళ్లే పై పట్టీ, అంటే టాప్ టెథర్. ముందుకు తిరిగి ఉన్న సీటుకు, అంటే బిడ్డ ముఖం కారు ముందువైపు ఉండే సీటుకు, ఈ పట్టీ తగిలించకపోతే ఢీకొన్నప్పుడు సీటు పైభాగం ముందుకు ఒరిగి, బిడ్డ తల ముందు సీటును తాకేంత దూరం పోవచ్చు. తగిలించే చోటు సెడాన్లలో వెనక అద్దం కింది పలక మీద చిన్న మూత కింద ఉంటుంది, హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనక సీటు వీపు భాగంలో డిక్కీ వైపు. అక్కడ లంగరు గుర్తు ఉంటుంది. డిక్కీలో సామాను కట్టుకునే కొక్కేనికో, హెడ్‌రెస్టు కడ్డీకో తగిలిస్తే ఆ బరువుకు అవి ఆగవు. కాలు ఉన్న సీటైతే ఆ కాలు గట్టి నేల మీద ఆనాలి. కింద సామాను అర ఉన్న కార్లలో ఆ అర మూత మీద కాలు పెట్టకూడదు, మూత విరిగి లోపలికి దిగిపోతుంది. ఈ మధ్య వేయిస్తున్న దళసరి మ్యాట్లను కూడా అక్కడి నుంచి తీసేయాలి.

ఐసోఫిక్స్ లేని పాత కార్లలో, లేదా ఆ కొక్కేలు లేని సీట్లలో, కారు బెల్టుతోనే బిగించాలి. సరిగ్గా చేస్తే ఇది ఏమాత్రం తక్కువ కాదు, కానీ తప్పు జరగడానికి దారులు ఎక్కువ. ఒకే సీటును మొదట వెనక్కి తిప్పి, తరవాత ముందుకు తిప్పి వాడే రకాల మీద బెల్టు పోయే దారులు రెండు ఉంటాయి. ఈసీఈ ఆర్44 అనే ఐరోపా భద్రతా ప్రమాణం ఉన్న సీట్లలో నీలం గుర్తులు వెనక్కి తిరిగినప్పటివి, ఎరుపు గుర్తులు ముందుకు తిరిగినప్పటివి. పుస్తకంలోని ఫొటో అర్థంకాక ఒక రంగు దారికి బదులు ఇంకో రంగు దారిలో బెల్టు పెట్టేస్తుంటారు. పుట్టిన బిడ్డల బుట్ట సీటుకైతే బెల్టు నడుము భాగం బిడ్డ కాళ్ల మీదుగా రెండు పక్కల నీలం గాడుల్లోంచి పోతుంది, భుజం భాగం బుట్ట వెనక వైపు చుట్టి వస్తుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో కొన్నిటికి బెల్టు పొడవు ఇక్కడే చాలదు. బకిల్ కొన అందడం లేదని దారి మార్చి పెట్టకండి. ఆ సీటు ఆ కారుకు పనికిరాదు, మార్చుకోవాల్సిందే. ఇంకోటి, బకిల్ కాడ మరీ పొడవుగా ఉంటే బకిల్ సీటు అంచు మీదకొచ్చి వంపులో పడుతుంది. ఆ స్థితిలో ఒత్తిడికి బకిల్ ఊడే ప్రమాదం ఉంది.

బెల్టు బిగించే తీరు ఇది. చైల్డ్ సీటు మధ్యలో మోకాలు ఆనించి మీ బరువు వేయండి. ముందు నడుము భాగాన్ని, తరవాత భుజం భాగాన్ని లాగి వదులంతా తీసేయండి. సీటుకు బిగింపు క్లిప్పు ఉంటే అప్పుడే నొక్కండి. ఆ క్లిప్పు ఎందుకంటే, మన కార్ల బెల్టులు మామూలుగా లాగితే వదులుగా వస్తూనే ఉంటాయి, గట్టి కుదుపు వచ్చినప్పుడే పట్టేస్తాయి. పది మలుపులు తిరిగేసరికి సీటు కాస్త కాస్తగా జరుగుతుంది. బిగించాక పరీక్ష చేసే చోటు కూడా ముఖ్యం. బెల్టు పోయే దారి దగ్గర పట్టుకుని పక్కలకు, ముందువెనకలకు కదపండి. రెండున్నర సెంటీమీటర్లు మించి కదలకూడదు. వెనక్కి తిరిగిన సీటు తల భాగాన్ని పట్టుకుని ఊపితే అది కదులుతుంది, అది దోషం కాదు. అక్కడ ఊపి చూసి 'వదులుగా ఉంది' అని తాళ్లతో కట్టేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరి నుంచి సీటు తెప్పించుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అక్కడ 1996 మోడల్ నుంచి వచ్చిన కార్లలో చాలావాటి ప్రయాణికుల బెల్టులకు పూర్తిగా బయటికి లాగి వదిలితే బిగిసిపోయే ఏర్పాటు ఉంటుంది. అక్కడి సీట్లు కొన్ని ఆ ఏర్పాటునే నమ్ముకుని తయారవుతాయి, వాటికి సొంత క్లిప్పు ఉండదు. మన కారులో వాటిని బెల్టుతో బిగిస్తే పట్టు నిలవదు. సీటులోనే క్లిప్పు ఉన్న రకమో, ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలే పట్టీలున్న రకమో అయితేనే తెప్పించుకోండి. ఇక్కడ కొన్న సీటును అటు తీసుకెళ్తే అది వాళ్ల ప్రమాణానికి ఒప్పదు, చట్టప్రకారం చెల్లదు. పాత సీటు ఎవరిచ్చినా, అది ఏ ప్రమాదంలోనూ పడలేదని తెలియాలి, వెనక ముద్రించిన గడువు తేదీ దాటకూడదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది.

సీటు గట్టిగా ఉన్నా బిడ్డ వదులుగా ఉంటే లాభం లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు పొత్తిగుడ్డల్లో చుట్టిన చంటిబిడ్డను అలాగే బుట్టలో పెడతారు. అప్పుడు కాళ్ల మధ్య పట్టీ పడదు, భుజాల పట్టీలు గుడ్డ మీద జారుతుంటాయి. కాళ్లు విడివిడిగా ఉండే దుస్తులు తొడిగి, పట్టీలు వేసి బిగించి, ఆ పైన గుడ్డ కప్పండి. వెనక్కి తిరిగిన సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కాస్త కిందగా గానీ మొదలవాలి, ముందుకు తిరిగిన సీటులో భుజాల ఎత్తులో గానీ కాస్త పైన గానీ. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి దొరికితే ఇంకా లాగాలి. విడిగా కొన్న మెత్తటి దిండ్లు వీపు వెనక పెట్టకండి. మెడలో తాయెత్తు తాడు ఉంటే బయల్దేరే ముందు తీసేయండి. పుట్టిన బిడ్డకు సీటు వాలు సుమారు 45 డిగ్రీలు ఉండాలి. మరీ నిటారుగా ఉంటే తల గుండె మీదకు వాలి ఊపిరాడదు. దూర ప్రయాణంలో గంటన్నరకోసారి ఆపి బయటకు తీయడం మంచిది.

ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా వెనక్కి తిరిగిన సీటును అక్కడ ఎప్పుడూ పెట్టకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గురించి కూడా ఒక్క మాట. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొంటే 10 కిలోల బిడ్డ ఒక్క క్షణంలో 200 కిలోలకు పైగా బలంతో ముందుకు పోతుంది. ఎంత ప్రేమ ఉన్నా ఏ చేతులూ దాన్ని ఆపలేవు.

వెనక్కి తిప్పి ఎంతకాలం ఉంచాలని అందరూ అడుగుతారు. చైల్డ్ సీట్ల కొత్త ఐరోపా ప్రమాణమైన ఆర్129లో కనీసం 15 నెలలు. మా సలహా, సీటు బరువు, ఎత్తు పరిమితి ఒప్పుకున్నంత కాలం ఉంచండి. చంటిపిల్లల తల, శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. వెనక్కి తిరిగి ఉంటే ఆ తాకిడిని వీపంతా పంచుకుంటుంది. కాళ్లు ముడుచుకుంటున్నాయని ముందుకు తిప్పేయడం తొందరపాటు.

కొనేముందు రెండు పుస్తకాలు చూడాలి. ఒకటి చైల్డ్ సీటుది, రెండోది కారుది. కారు మాన్యువల్‌లో ఏ సీటులో ఏ రకం చైల్డ్ సీటు పెట్టొచ్చో చెప్పే పట్టిక ఉంటుంది. అందులో 'యూ' అంటే సార్వత్రిక ఆమోదం ఉన్న సీట్లన్నీ సరిపోతాయి, 'యూఎఫ్' అంటే ముందుకు తిరిగినవే, 'ఎక్స్' అంటే అక్కడ పెట్టకూడదు. సీటు వెనక మన దేశ ప్రమాణమైన ఏఐఎస్ 072 లేదా ఈసీఈ ఆర్44, ఆర్129 ముద్ర ఉందో లేదో చూడండి. కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చే, 2023 అక్టోబరు నుంచి నడుస్తున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పిల్లల భద్రతకు 49 మార్కులు ఉన్నాయి, అందులో 12 మార్కులు చైల్డ్ సీట్లు కారులో ఎంత చక్కగా కుదురుతాయన్నదానికే. కారు ఎంచుకునేవాళ్లు స్టార్ల లెక్కతో ఆగకుండా ఈ మార్కులు కూడా అడగాలి.

ఇక సాయం చేసే మనిషి విషయం. బిగించేందుకు ఎవరొచ్చినా ముందు బిడ్డ బరువు, ఎత్తు అడగాలి. రెండు పుస్తకాలూ తెరవాలి. మూడో ఆధారం ఏదో వెతకాలి. తానే బిగించి చేతులు దులుపుకోకుండా మీ చేత బిగింపించి, విప్పించి, మళ్లీ బిగింపించాలి. సీటును సర్వీసింగ్‌కో, సామాను పెట్టుకోవడానికో తీసినప్పుడల్లా మళ్లీ బిగించేది మీరే కదా. ఇవేవీ చేయకుండా 'ఏం కాదు సార్, గట్టిగానే ఉంది' అన్నవాడి మాట నమ్మకండి. అమెరికాలో సేఫ్ కిడ్స్ సంస్థ ద్వారా సర్టిఫికెట్ పొందిన టెక్నీషియన్లు ఇదే పద్ధతిలో పనిచేస్తారు. చాలా ఊళ్లలో ఫైర్ స్టేషన్లలోనో ఆసుపత్రుల్లోనో వాళ్ల దగ్గర ఉచితంగా చూపించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఇలాంటి ఏర్పాటు మన దగ్గర చేయడానికి పెద్ద ఖర్చు లేదు. రవాణా శాఖ ప్రతి జిల్లా కార్యాలయంలో వారానికి ఒక పూట, డ్రైవింగ్ పరీక్షల రద్దీ లేనప్పుడు, చైల్డ్ సీటు తనిఖీకి కేటాయించాలి. ఒక నీడ పట్టు, శిక్షణ పొందిన ఇద్దరు సిబ్బంది, మూడున్నర కిలోల బరువున్న బొమ్మ ఒకటి, మూడు రకాల నమూనా సీట్లు, తెలుగులో ఒక పేజీ సూచనల కాగితం ఉంటే పని మొదలుపెట్టవచ్చు. కొత్త కారు అమ్మే డీలర్లు ఐసోఫిక్స్ సందులు, టెథర్ కొక్కేలు మూసుకోకుండా కవర్లు తొడగాలని నిబంధన పెట్టి, డెలివరీ సమయంలో కొనుగోలుదారుకు వాటిని చేత్తో తాకి చూపించి సంతకం తీసుకోవాలి. ప్రసూతి ఆసుపత్రుల్లో ఒక నర్సుకు ఈ శిక్షణ ఇస్తే డిశ్చార్జి రోజు పొత్తిగుడ్డల సమస్య అక్కడే తీరిపోతుంది. ద్విచక్ర వాహనాలపై నాలుగేళ్ల లోపు పిల్లలకు భద్రతా పట్టీ, 9 నెలల నుంచి 4 ఏళ్ల వారికి హెల్మెట్, పిల్లలున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగ పరిమితి పెడుతూ కేంద్రం ఇచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఆ పట్టీ ఎలా కట్టాలో చూపించే పని కూడా ఇదే కేంద్రాలకు అప్పగించవచ్చు. రవాణా శాఖ అధికారులు ముందుగా ఒక్క జిల్లాలోనైనా ఈ తనిఖీ మొదలుపెట్టి, ఏ రోజు, ఏ సమయంలో రావచ్చో మీ పత్రికలో ప్రకటించాలని కోరుతున్నాం.

భవదీయులు,
వాహన భద్రత రంగంలో పనిచేసే ఇంజినీర్లు,
హైదరాబాద్