డ్రోన్ నేర్చుకోవడానికి పిల్లలకు ఒక గ్రౌండ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మా సింగ్‌నగర్‌ను ముంచేసినప్పుడు మేం డాబా మీదే కాలం గడిపాం. పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చేవి గానీ మా సందులోకి రాలేకపోయేవి. అలాంటప్పుడు పైనుంచి తుమ్మెద మోత లాంటి చప్పుడు వినిపించింది. ఒక డ్రోన్ వచ్చి ఎదురింటి డాబా మీద అన్నం పొట్లాల సంచి దించి వెళ్లింది. అప్పుడు మా అబ్బాయి టెన్త్. తర్వాతి నెల 22న పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తుంటే వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. ఇంటికి రాగానే ‘అమ్మా, నాకూ ఒకటి కొనిపెట్టు’ అన్నాడు. తిండి మోసుకొచ్చిన యంత్రం మీద పిల్లాడు మనసు పడితే తప్పేముంది? చిట్టీ డబ్బులు రాగానే కొనిచ్చాను. ఎలా ఎగరెయ్యాలో నేర్పేవాళ్లు మాత్రం దొరకలేదు. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

పోయిన సంక్రాంతి సెలవుల్లో వాడు మా డాబా మీద నుంచే దాన్ని ఎగరేశాడు. బరువు 249 గ్రాములు. వెనక వీధిలోని అపార్ట్‌మెంట్ అవతలికి వెళ్లగానే సిగ్నల్ పోయింది. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను ముందే పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వచ్చేస్తుంది. మావాడు ఏదో వీడియో చూసి ఆ ఎత్తు 20 మీటర్లు పెట్టాడు. ఆ అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ ఉంది. ఎదురుగా అడ్డం వస్తే ఆగే సెన్సర్ ఆ మోడల్‌కు లేదు. టవర్‌కు కొట్టుకుని కింద సందులో పడింది. అప్పుడే అటుగా ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని నడిచి వెళ్తోంది. వాళ్లకు రెండడుగుల దూరంలో పడింది. నేను పరుగెత్తుకుంటూ దిగి వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. గాలి నిరోధం పక్కన పెడితే 20 మీటర్ల పైనుంచి పడే వస్తువు నేలను తాకేసరికి వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. గాలి వల్ల కొంత తగ్గినా అది పావుకిలో రాయితో సమానం. మావాడి మీద చెయ్యెత్తలేదు. తప్పు వాడి ఒక్కడిదే కాదనిపించింది. సైకిల్ కొనిచ్చినప్పుడు వెనక సీటు పట్టుకుని నెల రోజులు పరుగెత్తాం కదా! దీనికి అలాంటిదేమీ చెయ్యలేదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపుదైతే, వ్యాపారానికి కాకపోతే, దానికీ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో, అంటే డ్రోన్ల మ్యాపులో పచ్చరంగు వేసిన ప్రాంతంలో, 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగనక్కర్లేదు. విమానాశ్రయం నుంచి 8-12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే. ఎనికేపాడు వైపు ఉండేవాళ్లు గన్నవరం విమానాశ్రయం ఎంత దూరమో చూసుకోవాలి. సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ కేంద్రంలో చేరాలంటే 18 ఏళ్లు నిండాలి, పది పాసవ్వాలి. గుంటూరు దగ్గర లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల డ్రోన్లకు శిక్షణ ఇస్తోంది, మంచి పని. అదంతా పెద్దవాళ్లకు, ఉపాధి కోసం. మరి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు? చట్టం వాళ్లను ఎగరెయ్యనిస్తోంది, నేర్చుకునే చోటు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు. డాబాలే వాళ్లకు గ్రౌండ్లు, ఫోన్లో వీడియోలే గురువులు.

ఆ సంఘటన తర్వాత మా చుట్టుపక్కల ఆరు కుటుంబాలం కలిశాం. హెడ్‌మాస్టర్ గారిని అడిగి స్కూల్ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున్నే నేర్చుకోవడం మొదలుపెట్టాం. మాకు పెద్దదిక్కు ఒక రిటైర్డ్ లోకో పైలట్. పిల్లలంతా ఆయన్ను తాతగారూ అంటారు. డ్రోన్ ఆయనకూ కొత్తే, కానీ ఇంజిన్‌లో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. ‘రైల్లో నేనూ, అసిస్టెంటూ సిగ్నల్ రంగు పైకి చెప్పుకునేవాళ్లం. మనసులో అనుకుంటే చూసినట్టు కాదు’ అన్నారు. అదే మా క్లబ్ పద్ధతి అయింది. ఎగరేసే పిల్లాడి పక్కన ఇంకొకరు నిలబడతారు. వాళ్ల చూపు స్క్రీన్ మీద కాదు, ఆకాశం మీద ఉండాలి. ‘బ్యాటరీ 80’ అని ఒకరంటే ‘80’ అని రెండోవాళ్లు అనాలి. ‘హోమ్ పాయింట్ (తిరిగి రావాల్సిన చోటు) పడింది’, ‘పడింది’. ‘కుడి పక్క గద్ద’, ‘గద్ద, దించుతున్నా’. మొదట్లో పిల్లలు నవ్వారు. ఇప్పుడు ఎవరైనా మర్చిపోతే వాళ్లే ఆపేస్తున్నారు.

అక్కడ నేర్చుకున్నవి ఏ డబ్బా మీదా రాసి ఉండవు. డ్రోన్ మూతి మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్లు కంగారుపడేది అక్కడే. అందుకే ముందు నాలుగు వారాలు ఫోన్‌లో సిమ్యులేటర్ (బొమ్మ డ్రోన్‌ను తెర మీద ఎగరేసే ఆట లాంటిది), ఆ తర్వాత తల ఎత్తులో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, అదయ్యాకే పైకి. డాబా స్లాబులోని ఇనప చువ్వలు డ్రోన్‌లోని దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి. చుట్టూ ఉన్న ఎత్తైన వస్తువు ఏదో చూసి, తిరిగొచ్చే ఎత్తు దానికంటే పైన పెట్టాలి. కృష్ణా నది మీద ఎగరేస్తే కదిలే నీళ్లు డ్రోన్ అడుగున ఉండే సెన్సర్‌ను మోసం చేస్తాయి. మన ఎండల్లో వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి, ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదు. మనుషుల నెత్తి మీదికి పోనివ్వకూడదు. పక్కింటి కిటికీ వైపు కెమెరా తిప్పకూడదు. ఈ చివరిది మా ఆడపిల్లలు పట్టుబట్టి రాయించారు.

స్కూల్ గ్రౌండ్ పరీక్షలప్పుడు దొరకదు, మా ఒక్క పేటకే సరిపోదు. అందుకే కార్పొరేషన్ అధికారులను అడుగుతున్నాను. నగరంలో మూడు నాలుగు చోట్ల, కరెంటు తీగలూ ఇళ్లూ దూరంగా ఉన్న గ్రౌండ్లు ఆదివారం ఉదయం రెండు గంటలు మాకు వదలండి. ఏ గ్రౌండ్ ఏ జోన్‌లో ఉందో, ఎంత ఎత్తు దాకా ఎగరెయ్యొచ్చో బోర్డు మీద తెలుగులో రాయించండి. నెలకోసారి ట్రాఫిక్ పోలీసుల్లా ఒక అధికారి వచ్చి పిల్లలతో మాట్లాడితే చాలు. డ్రోన్ లాక్కోవడం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. గ్రౌండ్ చుట్టూ తాడు కట్టడం, పేర్లు రాసుకోవడం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, కొత్తవాళ్లకు నేర్పడం అన్నీ మేమే చూసుకుంటాం. రిటైరైన రైల్వే, విద్యుత్ ఉద్యోగులు, టీచర్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? అడిగితే వస్తారు, మా తాతగారు వచ్చినట్టే.

మా అబ్బాయి ఇప్పుడు డాబా మీద డ్రోన్ ముట్టుకోడు. మొన్న ఆదివారం ఆ చంటిబిడ్డ తల్లే తన పెద్దకొడుకును వెంటబెట్టుకుని వచ్చి, మా క్లబ్‌లో చేర్చుకోమని అడిగింది. వాడికి తొమ్మిదేళ్లు. సిమ్యులేటర్ దగ్గర కూర్చోబెట్టాం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
సింగ్‌నగర్, విజయవాడ