తనిఖీ అధికారికి భద్రత ఉండాలి

సంపాదకునికి,

ఫ్రాన్స్ ఆర్థిక మంత్రిత్వశాఖలో తనిఖీ విభాగం 1816లో ఏర్పడింది. నెపోలియన్ యుద్ధాలతో ఖజానా చితికిపోయిన రోజులవి. అధికారులు ముందుగా చెప్పకుండా ఖజానా కార్యాలయాలకు వెళ్లి, పెట్టెలోని నగదు లెక్కపెట్టి, పద్దులతో సరిచూసేవారు. ఆ పనిపై నాకు ఎంతో గౌరవం. కాలక్రమంలో అదే విభాగం అధికార పీఠాలకు దగ్గరి దారి అయింది. అధ్యక్షులైన జిస్కార్ డెస్టాంగ్, మాక్రాన్ ఇద్దరూ అక్కడివారే. మాక్రాన్ నడుమ కొంతకాలం ప్రైవేటు బ్యాంకులోనూ పనిచేశారు. ఈ రాకపోకలపై ఫ్రెంచి ప్రజల ఆగ్రహం న్యాయమైనదే.

అయితే 2023 నుంచి ఆ అధికారుల శాశ్వత హోదాను తొలగించి, నిర్ణీత కాలపు కొలువులుగా మార్చడం నన్ను కలవరపెడుతోంది. పదవి పొడిగింపు కోసం పైవారి దయకు ఎదురుచూసే అధికారి వారి శాఖలోని తప్పులను నిర్భయంగా ఎలా రాయగలడు? బ్యాంకులకు వెళ్లే దారిని మూయాలి గానీ, ఉద్యోగ భద్రతను తీసేయకూడదు.

– ఒక పాఠకురాలు, విజయనగరం