ఎమ్మార్సీపీలో పసరు పారడం కనిపించదండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గాల్ బ్లాడర్ రాళ్ళ గురించి వేసిన ఐటమ్ చదివాను, మంచి ఐటమే, కాకపోతే అందులో ఒక్క లైన్ మా పీకల మీదకి తెచ్చిపెట్టింది. పైత్యరసం, అంటే లివర్లో తయారై గొట్టంలోంచి పేగులోకి దిగే పసరు, పారడం ఎమ్మార్సీపీ అనే ఎమ్మారై స్కాన్‌లో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుందని, రాళ్ళున్న ప్రతివాళ్ళూ ఒకసారి చేయించుకుంటే మంచిదని రాశారు. నేను రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్లో 14 ఏళ్ళుగా ఎమ్మారై మిషన్ మీద పనిచేస్తున్నాను, డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. మా దగ్గర చేసే కుర్రాడు ఆ లైన్ చదివి "ఇదేం పైత్యమండీ బాబూ" అని నవ్వాడు గానీ సోమవారం పొద్దున్నే నవ్వు ఆగిపోయింది.

ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో మీ పేపరు ముక్క మడతపెట్టి ఉంది, డాక్టర్ చీటీ మాత్రం లేదు. "బాబూ, పసరు పారేది టీవీలో చూపిస్తారంట గదా, నాది కూడా ఓసారి చూసి చెప్పు" అంది. రిపోర్టులు చూస్తే అల్ట్రాసౌండ్‌లో గాల్ బ్లాడర్లో రెండు రాళ్ళు, పైత్యం గొట్టం మామూలు సైజే, లివర్ టెస్టులు నార్మల్, కామెర్లు లేవు. కొడుకు డబ్బులు తీసి కౌంటర్ మీద పెట్టేశాడు కూడా. మీకిది అక్కర్లేదేమో పెద్దమ్మా, ముందు మీ డాక్టర్ గారిని అడిగి రండి అని పంపేసరికి నాకు అరగంట పట్టింది, మా మేనేజర్ మొహం ఎలా పెట్టాడో రాయను.

అసలు సంగతేంటంటే ఎమ్మార్సీపీ అంటే కదలకుండా నిలిచి ఉన్న నీళ్ళని పట్టుకునే ఎమ్మారై అంతే. మిషన్ సిగ్నల్ పంపాక లివర్, కండ ఇలాంటివాటి నుంచి తిరిగొచ్చే సిగ్నల్ తొందరగా చచ్చిపోతుంది, నీళ్ళలాంటి వాటిది చాలాసేపు నిలుస్తుంది, కాబట్టి మేం కావాలనే ఆలస్యంగా వింటాం. అప్పటికి మిగతావన్నీ నల్లబడిపోయి గాల్ బ్లాడరు, పైత్యం గొట్టాలు, పాంక్రియాస్ గొట్టం మాత్రం తెల్లగా చెట్టు కొమ్మల్లాగా వస్తాయి, ఆ తెలుపులో రాయి ఉంటే నల్ల మచ్చ. ఇంజెక్షన్ లేదు, ఎక్స్‌రే లేదు. 1991లో జర్మనీ డాక్టర్లు దీన్ని మొదటిసారి బయటపెట్టారు, అంతకు ముందు ఆ గొట్టం వివరంగా చూడాలంటే నోట్లోంచి ట్యూబ్ దింపి గొట్టంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూసే ఈఆర్సీపీ చెయ్యాలి (రాయి ఉంటే దాంతోనే తీసెయ్యొచ్చు కూడా), లేదంటే పక్కటెముకల మధ్యనించి లివర్లోకి సూది గుచ్చి మందు ఎక్కించాలి. ఆ లెక్కన ఎమ్మార్సీపీ పెద్ద వరమే, నేను కాదనట్లేదు.

కానీ అది ఫోటో అండి. మా గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పాలంటే కాలవని పైనుంచి ఫోటో తీశారనుకోండి, నీళ్ళున్నాయని తెలుస్తుంది, ఎక్కడ పూడుకుపోయిందో తెలుస్తుంది, నీళ్ళు ఎటు పోతున్నాయో, లాకులు ఎత్తారో దించారో ఫోటోలో ఏం తెలుస్తుంది? పైగా మేం మిమ్మల్ని కనీసం 4 గంటలు ఏమీ తినకుండా రమ్మంటాం. ఎందుకంటే తిననంతసేపూ గొట్టం పేగులో కలిసే చోట లాకులాగా పనిచేసే కండ చాలావరకు మూసుకుని ఉండి, లివర్ తయారుచేసిన పసరు వెనక్కి తన్ని గాల్ బ్లాడర్లోకి చేరి అది నిండుగా కనిపిస్తుంది. నూనె వంటకమో పాలు కలిపిన టీయో పడిందంటే గాల్ బ్లాడర్ పిండుకుని ముడుచుకుపోతుంది. టీ ఒక్కటే తాగానండి అది తిండి కాదు కదా అనేవాళ్ళు రోజుకి ఒకరైనా వస్తారు. మరి పారకుండా ఉండేలా చూసి తీసే స్కాన్‌లో పారడం ఎలా కనిపిస్తుందండీ?

ఇంకా విచిత్రం చెప్తాను. పసరు ఎక్కడైనా గట్టిగా పారితే అక్కడ సిగ్నల్ పోయి గొట్టం మధ్యలో నల్ల మచ్చ పడుతుంది, అచ్చం రాయిలాగే ఉంటుంది. అంటే మామూలు ఎమ్మార్సీపీలో పారడం కనిపించిందంటే అది దొంగ రాయి కింద కనిపించినట్టు. గొట్టంలో గాలి బుడగ ఉన్నా అంతే. అందుకే రేడియాలజిస్ట్ గారు తెల్ల చెట్టు బొమ్మ ఒక్కటే చూసి రిపోర్ట్ ఇవ్వరు, అడ్డంగా కోసిన బొమ్మలు కూడా చూస్తారు. పేషెంట్ వెల్లకిలా పడుకుని ఉంటారు కాబట్టి గాలి పైకి తేలుతుంది, రాయి వీపు వైపు అడుగుకి దిగుతుంది, పారుడు మచ్చ నట్టనడుమ ఉంటుంది. 5 మిల్లీమీటర్ల లోపు చిన్న రాళ్ళు, అందులోనూ గొట్టం చివర పేగులో కలిసే చోట ఇరుక్కున్నవి దీనికి దొరక్కుండా పోవచ్చు కూడా, అలాంటప్పుడు ఎండోస్కోపీతో లోపలినించి చేసే అల్ట్రాసౌండ్ నయం.

పారడం చూసే పద్ధతులు లేవని కాదండి, ఉన్నాయి, వేరే. ఒకటి గాడాక్సెటేట్ అనే ఇంజెక్షన్, నరంలోకి ఇస్తే లివర్ కణాలు లాక్కుని దాదాపు సగం మందుని పసరుతో పాటు బయటికి పంపుతాయి, లివర్ బాగుంటే 20 నిమిషాల అటూఇటూ గొట్టాలు వెలుగుతాయి, మందు పేగులోకి దిగడం కనిపిస్తే దారి ఉన్నట్టే. తమాషా ఏంటంటే కామెర్లు బాగా ముదిరినవాళ్ళలో లివర్ ఆ మందుని సరిగ్గా వదలదు, ఎవరికి కావాలో వాళ్ళకే పనిచెయ్యదు. ఇంకోటి జపాన్ వాళ్ళు చేసింది, మందే లేకుండా గొట్టం మీద అడ్డంగా ఒక పట్టీ మేర సిగ్నల్ చంపేసి, అందులోకి తెల్ల పసరు జరిగి రావడాన్ని కొన్ని నిమిషాలు పదేపదే బొమ్మ తీసి చూస్తారు. అలా చూస్తే పసరు కిందికే కాదు ఒక్కోసారి వెనక్కి కూడా కదులుతోందని తేలింది. ఈ పద్ధతి మీద నాకు భలే ఆశ, గాల్ బ్లాడర్ తీసే ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి తగ్గనివాళ్ళలో లాకు సరిగ్గా తెరుచుకుంటుందో లేదో దీంతో తేలితే బాగుండునని. కానీ ఊళ్ళో సెంటర్‌కి వెళ్ళి నాకు అది చెయ్యండి అంటే అయ్యే పని కాదు. హైడా స్కాన్ అని న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళది ఇంకోటుంది, గాల్ బ్లాడర్ ఎంత పిండుతోందో దాంట్లో లెక్క వస్తుంది.

మరి ఎమ్మార్సీపీ ఎవరికంటే, గాల్ బ్లాడర్ రాళ్ళతో నొప్పి వచ్చేవాళ్ళలో నూటికి 10 నుంచి 20 మందికి రాయి గొట్టంలోకి జారి ఉంటుంది. లివర్ టెస్టులు తేడాగా వచ్చో, గొట్టం కాస్త లావుగా ఉండో అనుమానం వచ్చినప్పుడు ఆపరేషన్ ముందు ఈ స్కాన్ బంగారం, ఎందుకంటే అనుమానంతోనే ఈఆర్సీపీ చేసేస్తే పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. చలిజ్వరంతో కామెర్లు వచ్చినవాళ్ళని, అల్ట్రాసౌండ్‌లోనే గొట్టంలో రాయి తేలినవాళ్ళని డాక్టర్లు చాలాసార్లు తిన్నగా ఈఆర్సీపీకే పంపిస్తారు. మా పెద్దమ్మ లాంటివాళ్ళకి ఇది దండగ.

ఆ ఐటమ్‌లో రాయాల్సింది వేరే ఉంది. కళ్ళు పచ్చబడగానే మనవాళ్ళు ముందు ఆకు పసరు మందుకి పరిగెడతారు. మూడు వారాలు ఆకు పసరు తాగి, ఒళ్ళంతా దురదలతో గోకుని గోకుని, మలం సున్నంలాగా తెల్లగా అవుతుంటే అప్పుడొచ్చి మా టేబుల్ మీద పడుకున్నవాళ్ళని చూశాను. గొట్టంలో రాయి అడ్డం పడితే ఆకు పసరు ఏం చేస్తుందండి. ఒంటి దురద, తెల్ల మలం, ఈ రెండు గుర్తులూ పెద్దక్షరాల్లో వెయ్యండి.

పనిలో పనిగా రెడీ అయ్యి రావడం గురించి కూడా. ఆడవాళ్ళు మంగళసూత్రం తియ్యాలంటే బాధపడతారు, గేటు దగ్గర రోజూ ఇదే గొడవ. మేం పసుపు కొమ్ము కట్టిన దారం ఒకటి ఉంచుతాం, అది కట్టుకుని గొలుసు తీసి ఇంట్లోవాళ్ళకి ఇస్తారు. పిన్నీసులు మాత్రం ఒకటికి రెండుసార్లు వెతుక్కోండి, అయస్కాంతం వాటిని ఊరికే వదలదు. కొన్నిచోట్ల స్కాన్ ముందు పైనాపిల్ జ్యూస్ ఇస్తారు, అందులో మాంగనీస్ వల్ల కడుపులో నీళ్ళు బొమ్మలో నల్లబడి గొట్టానికి అడ్డం రావు, మర్యాదకి ఇచ్చే జ్యూస్ కాదది.

చివరిగా, ఐటమ్ పక్కన మీరు వేసిన బొమ్మ తిరగబడి పడిందండి. స్కాన్ బొమ్మలో పేషెంట్ మనకి ఎదురుగా ఉన్నట్టు లెక్క, గాల్ బ్లాడర్ మనకి ఎడమ పక్క రావాలి, మీ దాంట్లో కుడి పక్కనుంది. సవరణ వేసేటప్పుడు అది కూడా చూడండి.

ఇట్లు,
ఒక ఎమ్మారై టెక్నీషియన్, రాజమండ్రి
(పేరు వెయ్యొద్దండి, మా మేనేజర్ కూడా మీ పేపరే చదువుతాడు)