నర్సరీ ప్రాజెక్టు అమ్మలకా, పిల్లలకా?

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడిలో ఆదివారం సాయంత్రం స్టేషనరీ దుకాణాల దగ్గర నిలబడితే ఎల్‌కేజీ పిల్లల ప్రాజెక్టులు ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది. థర్మోకోల్ పలకలు, మెరుపు కాగితాలు, జిగురు సీసాలు కొనేది తల్లులూ పిన్నులూ. పోయిన నెల మా మనవరాలికి ఒక ప్రైవేటు బడి ఇచ్చిన పని ధ్రువపు ఎలుగుబంటి ఇల్లు తయారుచేయడం. మా కోడలు అర్ధరాత్రి దాకా దూదితో మంచు అంటించింది, పిల్ల హాయిగా నిద్రపోయింది. బహుమతి మాత్రం పిల్లకే వచ్చింది.

నాలుగేళ్ల పిల్లలకు ప్రాజెక్టులు వద్దని నేను అనను. అంగన్‌వాడీ పర్యవేక్షకురాలిగా చాలాకాలం పనిచేసినదాన్ని. మంచి ప్రాజెక్టు దొరికితే మూగనోము పట్టిన పిల్లలు కూడా ఎలా మాట్లాడతారో చూశాను. కానీ దాన్ని ముందుగా ఆలోచించి పెట్టుకోవలసింది టీచరు, చేయవలసింది పిల్లలు. టీచరు చీటీ పంపి చేతులు దులుపుకొంటే అది ప్రాజెక్టు కాదు, ఇంటిల్లిపాదికీ శిక్ష.

కొండల మీది సవర గిరిజనులు పసుపు, అనాస, చింతపండు, కొండచీపుళ్లు తెచ్చి అమ్మే సంతలు మనకు ఉన్నాయి. అంతకంటే మంచి అంశం ఏముంటుంది? టీచరు ముందు తానొక్కతే వెళ్లి రద్దీ లేని వేళ ఏదో, పిల్లలతో ఓపికగా మాట్లాడే అమ్మకందారు ఎవరో చూసుకోవాలి. బయలుదేరే ముందు పిల్లల ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయాలి. అనాసకు ముళ్లెందుకు, తక్కెడ ఒకవైపే ఎందుకు ఒరిగింది వంటివే వస్తాయి, అవే కావాలి. తెచ్చిన పచ్చి పసుపు కొమ్మును విరిచి వాసన చూడనివ్వాలి. వేళ్లకు అంటిన పసుపు ఎంత కడిగినా పోకపోతే ఇంకేం చేద్దామో వాళ్లనే చెప్పనివ్వాలి. గుప్పెడు ఉలవలు తడిగుడ్డలో కట్టి మొలకల కోసం రోజూ విప్పి చూడనివ్వాలి. ఆ తర్వాత రెండు వారాల పాటు తరగతిలో ఒక మూల అంగడి నడవాలి. చింతగింజలే డబ్బులు, కొబ్బరి చిప్పలే తక్కెడ. లెక్క, బరువు, రంగులు, వంతు కోసం ఆగడం అన్నీ అక్కడే వస్తాయి. కొనే పిల్ల ఒడియాలో అడిగితే అమ్మే పిల్ల తెలుగులో బదులివ్వవచ్చు, ఈ ఊళ్లో పెద్దలు రోజూ చేసే పనే అది. ఖర్చు దాదాపు సున్నా. చివరికి గోడకు అంటించే బొమ్మ వంకరటింకరగా ఉన్నా సరే, పిల్ల గీసిందై ఉండాలి.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్యప్రణాళిక ఆటకూ, ఇంటి భాషకూ పెద్దపీట వేసింది. ఇంటి భాష సంగతి పర్లాకిమిడికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఇక్కడి ఉపాధ్యాయుడే అయిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ఈ ఊరు ఒడిశాలో కలిసిన 1936కు ఎంతో ముందే, సవర నేర్చుకుని సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు. అలాంటి ఊళ్లో ధ్రువపు ఎలుగుబంట్లేమిటో!

అంగన్‌వాడీల ఇబ్బంది వేరు. అక్కడ పిల్లల బరువులు, భోజనం, టీకాల రోజు, ఫోనులో పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం, ఇన్ని పనుల మధ్య రేపటి ఆట గురించి ఆలోచించే తీరిక కార్యకర్తకు ఎక్కడిది? చుట్టుపక్కల కేంద్రాల కార్యకర్తలంతా కలిసే నెలవారీ సెక్టారు సమావేశం రిజిస్టర్ల తనిఖీతోనే ముగుస్తుంది. అందులో ఒక గంట, కార్యకర్తలు కూర్చుని తమ ఊరి చెరువునో, సంతనో, కుమ్మరి చక్రాన్నో తీసుకుని వచ్చే నెల పని కలిసి రాసుకోవడానికి కేటాయించాలని గజపతి జిల్లా అధికారులను కోరుతున్నాను. ఆ గంటకు రుజువుగా ఫోటోలు అడగవద్దని కూడా.

ప్రైవేటు బడుల విషయంలో విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు: ఆరేళ్ల లోపు పిల్లలకు ఇంటి దగ్గర చేసి తెచ్చే ప్రాజెక్టులు ఇవ్వరాదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు వస్తుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా