తేనెపిట్టని తేనెపిట్ట అనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. అరటిపువ్వుకి తలకిందులుగా వేలాడుతున్న బుల్లి నల్ల పిట్ట. ఫొటో ఎంతో బాగుంది. కింద మాత్రం ‘మకరందం తాగుతున్న హమ్మింగ్‌బర్డ్’ అని రాశారు. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికాల వైపే గానీ ఇంకెక్కడా ఉండవండి. మీరు వేసింది మన తేనెపిట్ట. తణుకులో మా పెరట్లోకి రోజూ వచ్చేదే.

ఇంత చిన్నదానికి ఉత్తరమా అనుకోకండి. ఆ ఫొటో చూసి మా పక్కింటావిడ ఆన్‌లైన్‌లో హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ తెప్పించుకుంది. ఎర్ర ప్లాస్టిక్ పువ్వులు అతికించిన సీసా. పంచదార నీళ్లు పోసి జామచెట్టుకి వేలాడదీసింది. ఈ ఎండలకి రెండో రోజుకే నీళ్లు పులిసిపోయాయి, చీమలు బారులు కట్టాయి. పిట్టలు ఆ సీసా పక్కనుంచే వచ్చి మా మందారం మీద వాలుతున్నాయి. ‘మీ ఇంటికే వస్తాయా, మా ఇంటికి రావా’ అని ఆవిడ నా మీద అలిగింది.

నవ్వుదామంటే నాకూ మొహం లేదు. మావారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇద్దరం పొద్దున్నే పెరటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగడం అలవాటైంది. అప్పటినుంచి పాల లెక్క రాసుకునే డైరీలోనే వెనక పేజీల్లో పిట్టల లెక్క మొదలుపెట్టాను. ‘నల్లది, నిగనిగలాడేది.’ ‘పసుపు పొట్టది.’ ‘పసుపు పొట్ట, గొంతు కింద నల్ల గీత.’ ‘రంగురంగులది.’ ‘పసుపు పొట్టే గానీ గొంతు తెలుపు.’ ఒక్క పెరట్లో అయిదు రకాలని ఏడాదిపాటు అందరికీ చెప్పుకున్నాను. సంక్రాంతికి వచ్చిన మనవరాలు ఆ డైరీ చదివి పడీ పడీ నవ్వింది. ‘అమ్మమ్మా, ఇవి రెండే రకాలు. మిగతావన్నీ పెళ్లాలూ, బట్టలు మార్చుకున్న మొగుళ్లూ.’

నిజమే. మొదటి రకం ఊదా తేనెపిట్ట. జత కట్టే కాలంలో మగది ఒళ్లంతా నల్లగా ఉంటుంది, ఎండ పడితే నీలం, ఊదా మెరుస్తాయి. ఆ మెరుపు ఈకకి అద్దిన రంగు కాదట, ఈకలోని సన్నటి పొరల మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల వచ్చేదట. అందుకే నీడలోకి వెళ్లగానే అదే పిట్ట కాకిపిల్లలా కనిపిస్తుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి అని నేను రెండుసార్లు రాసుకున్న రోజులున్నాయి. ఆ కాలం దాటితే ఈ నలుపంతా రాలిపోతుంది. పైన ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, కింద పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల చార మిగులుతాయి. దసరా రోజుల్లో నేను ‘కొత్త పిట్ట వచ్చింది’ అని రాసుకున్నది దీన్నే. సంక్రాంతి నాటికి అక్కడక్కడా మాసిక వేసినట్టు నల్ల ఈకలు వస్తూ మళ్లీ పాత వేషంలోకి వచ్చింది.

రెండోది కొంచెం చిన్నది. మగదాని నెత్తి ఆకుపచ్చగా మెరుస్తుంది, గొంతు ఊదా, ఛాతీ మీద ముదురు ఎరుపు పట్టీ, దాని కింద పసుపు పొట్ట. నడుం మీద కూడా ఊదా మచ్చ ఉంటుంది గానీ అది వెనక్కి తిరిగితేనే చూడగలం. దీనికి వేషాలు మార్చే అలవాటు లేదు. ఏడాది పొడుగునా ఒకటే చీర.

తికమకంతా ఆడవాటితోనే. రెండు రకాల్లోనూ ఆడది మట్టిరంగు వీపు, పసుపు పొట్ట. మనవరాలు ఒక్కటే చెప్పింది: ‘పొట్ట చూడకు, గొంతు చూడు.’ గొంతు నుంచే పసుపు మొదలైతే ఊదా తేనెపిట్ట ఆడది. గొంతు బూడిద కలిసిన తెలుపై, పసుపు ఛాతీ దగ్గర మొదలై, పక్కలకి మళ్లీ తెల్లబడితే రెండో రకం. ఈ ఒక్క మాటతో నా డైరీలో నాలుగు పేజీలు కొట్టేశాను.

ఇంకొకటుంది, మా ఇంటికి ఒక్కసారే వచ్చింది. దూరానికి నల్లదే అనిపిస్తుంది. ముక్కు మాత్రం మరీ పొడుగు, కొడవలిలా వంకర. పొట్ట కాఫీ డికాషన్ రంగు. లోటెన్ తేనెపిట్ట అని ఫోన్లో బొమ్మ చూపించారు. మందార మొదట్లో చిల్లు పెట్టి, ముందునుంచి కాక వెనకనుంచి తేనె కాజేసి పోయింది. మన మామూలు తేనెపిట్టలూ ఈ దొంగతనం చేస్తాయి లెండి.

మావిడిచెట్టు మీద బదనిక పట్టిన కొమ్మకి వచ్చే పిట్టని కూడా చాలామంది ఆడ తేనెపిట్ట అనుకుంటారు. దాని ముక్కు పొట్టి, ఒంటి మీద పసుపు చుక్క కూడా ఉండదు. బొటనవేలంత బూడిదరంగు పిట్ట. బదనిక పండు తిని ఆ జిగట గింజని ఇంకో కొమ్మకి అంటించి పోతుంది. మా చెట్టుకి ఆ తెగులు తెచ్చిపెట్టింది ఇదేనని మావారికి దాని మీద కోపం. నాకు లేదు. కరివేపాకు మొక్క దగ్గర తోక నిక్కబొడుచుకుని ‘టువిట్ టువిట్’ అని చెవులు చిల్లులు పొడిచే లిక్కజిట్ట గురించి ఇంకో ఉత్తరం రాయొచ్చు.

మీరు ‘హమ్మింగ్‌బర్డ్’ అనడానికి కారణం నాకు తెలుసు. తేనెపిట్ట కూడా ఒక్కోసారి పువ్వు ముందు రెక్కలాడిస్తూ గాల్లో నిలబడుతుంది. కానీ అది కాసేపే. పట్టుకోవడానికి కొమ్మ దొరికితే దాని మీద కూర్చునే తాగుతుంది. గూడు కట్టడంలో అసలు పోలికే లేదు. హమ్మింగ్‌బర్డ్‌ది చిప్పలాంటి గూడు. మన తేనెపిట్టది వేలాడే సంచి, పక్కన గుమ్మం, గుమ్మానికి చిన్న చూరు. పోయిన ఫాల్గుణంలో మా బట్టలు ఆరేసే తాడుకే కట్టింది. సాలెగూడు దారాలు, ఎండు బెరడు ముక్కలు, నా పాత జాకెట్టు పీలికలు. ఆడదే కట్టుకుంది, మగది చుట్టూ ఎగురుతూ పాటలు పాడింది. రెండు గుడ్లు. పిల్లలు బయటపడ్డాక మాత్రం ఇద్దరూ పురుగుల్ని, సాలీళ్లని నోట కరిచి తెచ్చారు. ఆ నెలంతా మా బట్టలు వరండాలో కుర్చీల మీద ఆరాయి.

ఇప్పుడు నేను అడిగేది సవరణ కాదు. అది వేసినా ఎవరూ చదవరు. ఈసారి పిట్ట ఫొటో వస్తే పేరు తెలిసినవాళ్లని ఒకమాట అడిగి వేయండి. ఎవరూ దొరక్కపోతే ‘చిన్న పిట్ట’ అని రాసినా మాకు నష్టం లేదు. మీ ఫొటోగ్రాఫర్‌కి కావాలంటే మా పెరటికి రావచ్చు. కానీ ఒక షరతు. గూడు ఫొటోలో బాగా పడాలని చుట్టూ ఆకులు తుంపకూడదు. తుంపితే మనకంటే ముందు కాకికి కనబడుతుంది.

ఏడున్నరలోపు వస్తే మగదాన్ని తప్పకుండా చూడొచ్చు. రోజూ ఆ వేళకి మావారి స్కూటర్ అద్దంలో తన నీడతోనే యుద్ధం చేస్తుంటుంది. అద్దానికి పాత సాక్సు తొడిగితే రెండో అద్దం మీదకి వెళ్లింది. ఈరోజు దానికీ తొడిగాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తణుకు