ఆ రెయిలింగుల కథ

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. ఆలస్యం నాదే, కోప్పడకు. ఇల్లు మారాం, పెద్దాడికి పరీక్షలు, నాకు వరసగా నైట్ డ్యూటీలు. అందరం బాగున్నాం. అమ్మగారి మోకాలు ఎలా ఉంది? అది మాత్రం మర్చిపోకుండా రాయి. మిగతావన్నీ తర్వాత, ఈ సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నిన్న పొద్దున డ్యూటీ దిగి ఇక్కడ లండన్‌లో హైడ్ పార్కు మీదుగా నడుస్తున్నా. షూ లేసు ఊడిందని వంగితే కాళ్ళ దగ్గర నేలలో ఒక చెట్టు! నల్లవీ తెల్లవీ గులకరాళ్లు ఒక్కొక్కటే పొదిగి చేసిన బొమ్మ. వాన పడి ఆగింది కదా, నల్లరాళ్లు తడిసి నిగనిగలాడుతున్నాయి. అక్కడున్న రాత చదివా. 1866లో జరిగిన గొడవల్లో ఇక్కడో పెద్ద చెట్టు తగలబడిపోయిందట. మిగిలిన మోడుని జనం నోటీసు బోర్డు చేసుకున్నారట, సభలకి ముందు అక్కడే కలుసుకునేవాళ్లట. కాలిన మోడు మీద నోటీసులు రా! మన మేడ మెట్ల గోడ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయా.

ఇంటికెళ్లి పడుకోకుండా దొరికిందల్లా చదివా. విను.

అప్పటికి ఇంగ్లండులో కూలిపనివాళ్లలో చాలామందికి ఓటు లేదు. ఓటు కోసం రిఫార్మ్ లీగ్ అని పెట్టుకున్నారు. 1866 జూలై 23న హైడ్ పార్కులో సభ అన్నారు. పోలీసు కమిషనర్ రిచర్డ్ మేన్ వీల్లేదన్నాడు. సాయంత్రానికి గేట్లన్నిటికీ తాళాలు, లోపల పోలీసులు. లీగ్ అధ్యక్షుడు ఎడ్మండ్ బీల్స్ లాయరు. పార్కు మూలనున్న మార్బుల్ ఆర్చ్ దగ్గరికొచ్చి గేటు తియ్యమని అడిగాడు. కుదరదన్నారు. సరేనని కొంతమందిని వెంటబెట్టుకుని ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్లు అక్కడే ఉన్నారు. ఇక్కడే మామా, ఇక్కడే! వెనక జనం పెరిగేకొద్దీ ముందున్నవాళ్లు పార్కు చుట్టూ ఉన్న రెయిలింగుల మీద వాలారు. అవి కాస్త కదిలాయి. మళ్లీ వాలారు, ఇంకాస్త కదిలాయి. ఇక అందరూ చేతులేసి ముందుకీ వెనక్కీ ఊపడం మొదలెట్టారు. ఇనుప రెయిలింగులు వరసగా ఒరిగి కూలిపోయాయి. ఒక్కచోట కాదు, పార్క్ లేన్ పొడుగునా, బేస్‌వాటర్ రోడ్డు వైపునా కూడా. జనం లోపలికి పోటెత్తారు.

తర్వాత జరిగింది నాకు బాధగానే ఉంది. రాళ్లు, లాఠీలు, తలలు పగిలాయి, మేన్ మొహం రక్తమయింది, సైన్యం దిగింది. మూడు రోజులు అల్లర్లు. ఆ చెట్టు పోయింది కూడా అప్పుడే. ఏ పాపమూ ఎరగని చెట్టు...

సరే, ఏడాది తిరక్కుండానే 1867 మే 6న మళ్లీ అక్కడే సభ అన్నారు. ప్రభుత్వం మళ్లీ నిషేధించింది, పోలీసుల్ని, సైనికుల్ని సిద్ధంగా పెట్టింది. అయినా లక్షమందికి పైగా వచ్చారని అంచనా. ఎవరూ అడ్డుకోలేదు, మాట్లాడుకుని ప్రశాంతంగా ఇళ్లకి పోయారు. హోం మంత్రి స్పెన్సర్ వాల్పోల్ ఆ నెలలోనే రాజీనామా చేశాడు. అదే ఏడాది ఓటు చట్టం మారి ఓటర్లు దాదాపు రెట్టింపయ్యారు. 1872లో పార్కుల చట్టం వచ్చింది, ఎవరైనా నిలబడి మాట్లాడగలిగే ఆ స్పీకర్స్ కార్నర్ నిలబడింది దాని తర్వాతే.

నన్ను పట్టి ఊపేస్తున్నది ఏంటంటే, అంతకుముందు కూడా ఆ పార్కులో వేడుకలకేం తక్కువ లేదు. అది 8వ హెన్రీ 1536లో సన్యాసుల దగ్గర తీసుకున్న వేటమైదానం. 1637లో మొదటి చార్లెస్ జనాన్ని రానిచ్చాడు. 1814లో నెపోలియన్ మీద విజయమని అక్కడి చెరువులో ఉత్తుత్తి ఓడల యుద్ధం ఆడించారు. 1851లో గాజు భవనం కట్టి మహాప్రదర్శన పెడితే 60 లక్షల మంది చూశారు. చెట్లు కొట్టకూడదని జనం గోల చేస్తే పెద్ద ఎల్మ్ చెట్ల మీదుగా గాజు కప్పు వేశారు తెలుసా! అన్నీ గొప్పవే. కానీ పిలిచేది పైవాళ్లు, వచ్చి చూసేది జనం. రెయిలింగులు కూలాక జనం తమని తామే పిలుచుకున్నారు.

1908 జూన్ 21న ఓటు కోసం ఆడవాళ్లొచ్చారు. చాలామంది తెల్లబట్టల్లో, ప్రత్యేక రైళ్లలో ఊళ్ల నుంచి. మైకుల్లేని రోజులు, ఒక గొంతు ఎంత దూరం వినబడుతుంది? అందుకని ఒక్క పార్కులోనే 20 వేదికలు. లక్షలమంది మధ్య 20 గొంతులు ఒకేసారి లేచాయనుకో! రాస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది.

1969లో రోలింగ్ స్టోన్స్ బ్యాండు అక్కడ పాడింది టికెట్ లేకుండానే. నిన్న చూస్తే వేసవి కచేరీలకి చుట్టూ ఎత్తు పలకలు బిగిస్తున్నారు, టికెట్ ఉంటేనే లోపలికి. పాటలంటే నాకు ప్రాణమని నీకు తెలుసు, పార్కు నడపడానికి డబ్బు కావాలనీ తెలుసు. అయినా గులకరాళ్ల చెట్టుని చూసొచ్చి ఆ పలకల పక్కన నడుస్తుంటే... ఏదో అనిపించింది, ఎలా చెప్పాలో తెలియట్లేదు. నువ్వయితే ఏమంటావు? నువ్వొచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకెళ్తా. అక్కడ 1977లో ప్రధాని జేమ్స్ కాలహన్ కొత్త ఓక్ మొక్క నాటాడట. నిన్న దాన్ని చూడకుండానే వచ్చేశా, ఈసారి ఇద్దరం కలిసి

అయ్యో, బస్సు టైమైంది, డ్యూటీకి పరిగెత్తాలి. ఆ మెట్ల గోడ మీద మనం రాసింది ఇంకా ఉందేమో చూసి రాయి.

నీ
మామ